అలసిపోయిన విశ్వాసికి ముందు కావలసింది విశ్రాంతి

అమ్మా,

మీ ప్రశ్నను రాత్రి ఒకసారి, తెల్లవారుజామున మరోసారి చదివాను. మిగతా పాఠకులకూ అర్థం కావాలి కాబట్టి అందులోని సంగతి ముందుగా నాలుగు మాటల్లో చెబుతాను. మీరు బాప్తిస్మం తీసుకుని 12 ఏళ్లయింది. సండేస్కూల్లో పిల్లలకు బోధిస్తారు, క్వయర్‌లో పాడతారు, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎప్పుడూ మానలేదు. నిరుడు నాన్నగారు జబ్బుపడితే ఎనిమిది నెలల పాటు స్వస్థత కోసం ప్రార్థించారు. ఆయన దక్కలేదు. అప్పటి నుంచి మోకరిస్తే మాట రావడం లేదు, పడుకుంటే నిద్ర పట్టడం లేదు. సంఘంలో ఒక పెద్దావిడ "నీ విశ్వాసం చాలలేదు, ఆత్మీయంగా ఇంకా ఎదగాలి" అన్నారు. ఎంత ఎదిగితే మళ్లీ నిరీక్షణ కలుగుతుంది, ఎప్పటికి విశ్రాంతి దొరుకుతుంది, ఈ స్థితిలో పిల్లలకు దేవుని గురించి చెప్పడం వేషధారణ కాదా అని అడిగారు.

నేను 31 ఏళ్లుగా సంఘ సేవలో ఉన్నాను. ఇదే ప్రశ్నను ఎందరో కన్నీళ్లతో నా ముందు పెట్టారు. నేనూ ఒకప్పుడు దేవుని ముందు పెట్టాను. అందుకే కాస్త విపులంగా రాస్తున్నాను, ఒకేసారి చదవలేకపోతే ఆగి ఆగి చదవండి.

ముందు ఆ పెద్దావిడ మాట సంగతి తేల్చుకుందాం, అది మీ గుండెలో ముల్లులా ఉండగా తక్కిన మాటలేవీ లోపలికి దిగవు. జబ్బు నయం కాకపోవడానికి విశ్వాసం చాలకపోవడమే కారణమైతే అపొస్తలుడైన పౌలు సంగతి ఏమనాలి? తన శరీరంలోని ముల్లు తీసివేయమని ఆయన మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. తనతో కలిసి ప్రయాణించిన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. ఆ తిమోతికి కూడా తరచుగా వచ్చే జబ్బులు ఉండేవి, వాటికి పౌలు చెప్పింది కడుపు కోసం చేసుకోవలసిన ఒక చిన్న ఉపాయం. అంతెందుకు, గెత్సేమనే తోటలో మన ప్రభువు ఈ గిన్నె నా నుంచి తొలగిపోనిమ్మని మూడుసార్లు ప్రార్థించాడు. గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం చాలలేదని అనే ధైర్యం ఎవరికుంది? మీ ఎనిమిది నెలల ప్రార్థన దేవుని చెవిని చేరింది. ఆయన మీరు కోరిన జవాబు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో నేను చెప్పలేను, చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి నాకు కారణం ఉంది. సేవలో అడుగుపెట్టిన తొలి రోజుల్లో ఒక తండ్రితో నేను అచ్చం ఆ పెద్దావిడలాగే మాట్లాడాను. ఆయన కొడుకు చావుబతుకుల్లో ఉంటే, సందేహం లేకుండా ప్రార్థించు, లేస్తాడు అన్నాను. పిల్లవాడు చనిపోయాడు. ఆ తండ్రి ఏడ్చింది కొడుకు కోసం మాత్రమే కాదు, ఎక్కడో ఒక క్షణం తాను సందేహించాననీ, అందుకే బిడ్డ పోయాడనీ ఏడ్చాడు. ఆ భారం ఆయన భుజాల మీద పెట్టింది నేనే. రెండేళ్ల తర్వాత వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన క్షమించాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి దుఃఖంలో ఉన్నవారి విశ్వాసానికి కొలత వేయడం మానుకున్నాను. మిమ్మల్ని అలా అన్నావిడ చెడ్డ మనిషి అయి ఉండకపోవచ్చు. ఎదుటివారి బాధకు కారణం దొరికితే మనకు భయం తగ్గుతుంది, ఆ గాబరాలో వచ్చే మాటలు ఇవి. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా నేల మీద కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే, నోరు విప్పాకే చెడింది.

ఇక మీ ప్రశ్నలోకి వస్తాను. మీరు వేసుకున్న లెక్క ఇలా ఉంది: ముందు ఆత్మీయంగా ఎదగాలి, ఎదిగితే నిరీక్షణ కలుగుతుంది, నిరీక్షణ గట్టిపడ్డాక చివరికి విశ్రాంతి దొరుకుతుంది. ఈ లెక్క తలకిందులుగా ఉందమ్మా. దేవుని వాక్యంలో విశ్రాంతి ముందు వస్తుంది. నేను ఈ సమాధానంలో చెప్పదలచుకున్నదంతా ఇదే.

ఆదికాండం మొదటి అధ్యాయం చూడండి. మనిషి ఆరో రోజున సృజింపబడ్డాడు. కళ్లు తెరిచాక అతను చూసిన మొదటి పూర్తి రోజు ఏడోది, దేవుడు విశ్రమించిన రోజు. ఇంకా ఏ పనీ చేయకముందే, ఏదీ సాధించకముందే మనిషి విశ్రాంతిలోకి నడిచాడు. "అస్తమయమును ఉదయమును కలుగగా" అని ఆ అధ్యాయంలో ఆరుసార్లు వస్తుంది. మనం ఉదయంతో రోజును మొదలుపెడతాం. హెబ్రీయులకు రోజు సాయంత్రంతో మొదలవుతుంది, అంటే రోజులో మొదటి పని నిద్రపోవడం. మనం నిద్రపోతున్నంతసేపూ దేవుడు పనిచేస్తూనే ఉంటాడు, పొద్దున్న లేచి ఆయన పనిలో మనం చేరతాం. "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు" అని 127వ కీర్తన చెప్పేది దీన్నే.

విశ్రాంతి దినం ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల ఉంది, నిర్గమకాండం 20లో, ద్వితీయోపదేశకాండం 5లో. రెండు చోట్లా కారణం వేరు. మొదటి చోట దేవుడు ఏడో రోజున విశ్రమించాడు కాబట్టి అని ఉంటుంది. రెండో చోట నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావు, దేవుడు నిన్ను విడిపించాడు, అది గుర్తుంచుకో అని ఉంటుంది. దాసుడికి సెలవు లేదు, రోజుకు ఇన్ని ఇటుకలు అన్న లెక్క ఒక్కటే ఉంది. మీ పన్నెండేళ్ల పరిచర్యలో ఎక్కడో ఆ ఇటుకల లెక్క దూరిందేమో చూసుకోండి. ఇన్ని శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను, ఇన్ని పాఠాలు చెప్పాను, అయినా నాన్నను ఎందుకు తీసుకున్నావు అన్న ప్రశ్న మీలో మెదిలి ఉంటే సిగ్గుపడకండి. ఆ ప్రశ్నను దేవునితోనే అనండి. అయితే దాని వెనకున్న లెక్కను ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి, ఎందుకంటే ఆ లెక్క ఉన్నంతకాలం ఎంత చేసినా మనసు అలసిపోతూనే ఉంటుంది.

ప్రవక్త ఏలీయా సంగతి మీకు కొత్త కాదు, పిల్లలకు చెప్పే ఉంటారు. కర్మెలు పర్వతం మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది, మరునాటికల్లా యెజెబెలు రాణి బెదిరింపు వచ్చింది, ఆయన ప్రాణం దక్కించుకోవడానికి పరుగెత్తాడు. ఎడారిలో బదరీవృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. సాధారణంగా మనం ఇక్కడి నుంచి గబగబా హోరేబు పర్వతానికి, అక్కడి నిమ్మళమైన స్వరానికి వెళ్లిపోతాం. వెళ్లకండి, చెట్టు కిందే కాసేపు ఆగండి. దేవుడు ఆయన్ని ఏమీ అనలేదు. నీ విశ్వాసం ఏమైంది, నిన్న అగ్ని చూశావు కదా అని గద్దించలేదు. దూత వచ్చి తట్టి లేపి "లేచి భోజనము చేయుము" అన్నాడు. నిప్పుల మీద కాలిన రొట్టె, కుండతో నీళ్లు తల దగ్గర ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు! రెండోసారి లేపినప్పుడు కూడా మాట అదే, దానికి కారణం మాత్రం చెప్పాడు: నీ ముందున్న ప్రయాణం నీ శక్తికి మించింది. ఆ తర్వాతే 40 రోజుల నడక, ఆ తర్వాతే "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న. ప్రవక్తకు దేవుడు పాఠం చెప్పాడు, కానీ నిద్రా తిండీ అయ్యాక చెప్పాడు.

అందుకే మిమ్మల్ని ఒక మాట సూటిగా అడుగుతాను. నిద్ర లేక ఎన్నాళ్లయింది? నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే వైద్యుడికి చూపించుకోండి. దీన్ని ఆత్మీయ బలహీనత అనుకుని దాచుకోవద్దు. ఇంగ్లండుకు చెందిన పేరుపొందిన బోధకుడు చార్లెస్ స్పర్జన్ పేరు మీరు వినే ఉంటారు. 1856 అక్టోబరులో, ఆయనకు 22 ఏళ్లప్పుడు, లండన్‌లో వేలమంది కిక్కిరిసిన సభలో ఎవరో మంటలు మంటలు అని కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయన కుప్పకూలిపోయాడు. ఆ తర్వాత బతికినంతకాలం తీవ్రమైన కుంగుబాటు మళ్లీ మళ్లీ ఆయన్ని కమ్ముకుంటూనే ఉండేది. దాన్ని ఆయన దాచలేదు, తన దగ్గర చదువుకునే సేవకులకు విడమరిచి చెప్పాడు, విశ్రాంతి తీసుకోమనీ ఆరుబయట గాలిలో నడవమనీ బోధించాడు. అంతటి బోధకుడికి తప్పనిది మీకు వచ్చిందని దేవునికి మీరు పరాయివారు అయిపోరు. ఇంకొకటి, చనిపోతే బాగుండునన్న తలంపు వస్తూ ఉంటే ఈ సమాధానం పూర్తిగా చదివేదాకా కూడా ఆగవద్దు. ఇప్పుడే ఇంట్లో ఒకరితో చెప్పండి, ఈరోజే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఏలీయా ఆ మాట బయటకు అన్నాడు కాబట్టే ఆయనకు రొట్టె అందిందని నేను నమ్ముతాను.

ఇప్పుడు మత్తయి 11వ అధ్యాయం. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." గోడల మీద, క్యాలెండర్ల మీద చూసి చూసి మనకు ఈ మాట అలవాటైపోయింది. తరువాతి వచనంతో కలిపి మెల్లగా చదవండి. 28లో "విశ్రాంతి కలుగజేతును" అన్నాడు. 29లో "మీమీద నా కాడి ఎత్తికొని నాయొద్ద నేర్చుకొనుడి, అప్పుడు మీ ప్రాణములకు విశ్రాంతి దొరకును" అన్నాడు. మొదటిది ఇచ్చే విశ్రాంతి, రెండోది దొరికే విశ్రాంతి. ఇచ్చేదానికి మనం చేయవలసింది రావడం ఒక్కటే. అర్హత ఏమిటంటే అలసిపోయి ఉండటం, బరువు మోస్తూ ఉండటం. మీకు ఆ రెండూ ఉన్నాయి. దొరికేది మాత్రం ఆయనతో కాడి కింద నడుస్తూ నడుస్తూ, నేర్చుకుంటూ ఉంటే దొరుకుతుంది, దానికి ఏళ్లు పడుతుంది. మీరు పరిపక్వత అంటున్నది ఈ రెండోదాని పేరు. మొదటిది తీసుకోకుండా రెండోదాని కోసం పన్నెండేళ్లు పరుగెత్తారేమోనని నా అనుమానం.

నిరీక్షణ దగ్గరికి వద్దాం. ఈ మాట తెలుగు బైబిల్లో మనకు దొరికిన వరమని నాకెప్పుడూ అనిపిస్తుంది. మామూలు తెలుగులో నిరీక్షించడమంటే ఎదురుచూడటం. బైబిలు అనువదించినవారు క్రీస్తునందు మనకున్న ఆశకు ఆ మాటే వాడారు. అంటే నిరీక్షణలో ఎదురుచూపు అనే కష్టం మొదటి నుంచీ ఉంది. హెబ్రీ భాషలో కూడా అంతే, కీర్తనల్లో ఎదురుచూడటానికీ ఆశించడానికీ వాడే మాటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. అక్కడ ఆశకు తిఖ్వా అని ఒక పదముంది. అదే పదానికి తాడు, దారం అన్న అర్థం కూడా ఉంది. ఇశ్రాయేలు వేగులవారిని దాచిన యెరికో స్త్రీ రాహాబు, వారు కాపాడతామని మాట ఇస్తే, తన కిటికీకి కట్టిన తొగరుదారం గుర్తుందా? యెహోషువ 2వ అధ్యాయంలో ఆ దారానికి వాడిన పదం అదే. రాహాబు ఆ దారం కట్టిన రోజున యెరికో గోడ చెక్కుచెదరలేదు. ఆమె మనసులో ధైర్యం ఎంత ఉందో, భయం ఎంత ఉందో మనకు చెప్పలేదు. దారం కట్టి ఉంది, అవతలివైపు మాట ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఆమెను కాపాడింది ఇచ్చిన మాట.

మీ నిరీక్షణ చచ్చిపోయిందని రాశారు. నాకు అలా కనిపించడం లేదు. చచ్చిపోయి ఉంటే ఇంత ఆరాటంతో అడిగేవారు కాదు. ఎండిపోయింది నిరీక్షణ తాలూకు అనుభూతి. పాటలు పాడుతున్నప్పుడు కలిగే ఉప్పొంగు, ప్రార్థనలో కలిగే వెచ్చదనం, అవి పోయాయి. అవి మంచివే, దేవుడు ఇచ్చినవే, తిరిగి వస్తాయి కూడా. కానీ లంగరు పడవలో కనిపించే వస్తువు కాదు కదా, నీళ్ల అడుగున ఎక్కడో పట్టుకుని ఉంటుంది. హెబ్రీ పత్రిక నిరీక్షణను "మన ఆత్మకు లంగరు" అంటూ, అది తెర లోపల, అంటే దేవుని సన్నిధిలోకి, ప్రవేశించి ఉందని చెబుతుంది. తెర లోపల ఉన్నది క్రీస్తు. ఆయన సమాధి నుంచి లేచాడన్నది ఏ ఉదయం మీ మనసు ఎలా ఉందన్నదాని మీద ఆధారపడలేదు. మీ నాన్నగారు ఆ ప్రభువునందు నిద్రించారు. పేతురు "జీవముతో కూడిన నిరీక్షణ" అన్నది యేసుక్రీస్తు మృతులలో నుంచి లేవడాన్ని బట్టే. నాన్నగారి స్వస్థత కోసం మీరు చేసిన ప్రార్థనకు చివరి జవాబు ఇంకా రాలేదు, పునరుత్థాన దినాన వస్తుంది. ఇది మిమ్మల్ని ఊరడించడానికి అల్లిన మాట కాదు, నేను నమ్మి బతుకుతున్న మాట.

అంతవరకూ ఏడవవచ్చా అంటారేమో. ఏడవండి. నిరీక్షణలేని ఇతరులవలె దుఃఖపడవద్దని పౌలు రాశాడు, దుఃఖపడవద్దని రాయలేదు. లాజరును మరి కొద్దిసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా "యేసు కన్నీళ్లు విడిచెను."

విలాపవాక్యములు ఎప్పుడైనా ఏకబిగిన చదివారా? క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము పడిపోయాక, బూడిద ఇంకా వేడిగా ఉండగా వచ్చిన ఏడుపు అది. అయిదు అధ్యాయాలు. మొదటి నాలుగూ హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాల వరుసలో కట్టిన పద్యాలు, మూడోదానిలో ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున 66 వచనాలు. దుఃఖం ఎంత పెద్దదంటే దానికి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అన్నీ కావలసి వచ్చాయి. ఆ మూడో అధ్యాయంలో "యెహోవాయందు నాకిక ఆశలు లేవనుకొంటిని" అన్న మాటకు మూడు వచనాల దూరంలోనే "నేను దీని జ్ఞాపకము చేసికొనగా నాకు ఆశ పుట్టుచున్నది" అని ఉంటుంది. వాత్సల్యం అనుదినం నూతనంగా పుడుతుందన్న మాట, మనం పాటల్లో పాడుకునే ఆ మాట, అక్కడిదే. ఒక సంగతి గమనించండి. ఆ మాటతో గ్రంథం ముగియలేదు. ఆశ నడిమధ్యలో వెలిగింది, ఆ తర్వాత మళ్లీ రెండు అధ్యాయాల ఏడుపు ఉంది. ఒక రోజు ఆశ కలిగి మర్నాడు మళ్లీ గుండె చెరువైతే వెనక్కి జారిపోయాననుకోవద్దు. లేఖనంలోనే దారి అలా ఉంది.

నా సొంత రాత్రి ఒకటి చెబుతాను. పదిహేనేళ్ల క్రితం నా భార్యకు పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఆస్పత్రి వరండాలో ఇనుప కుర్చీ, ఎదురుగా ఆగి ఆగి వెలిగే ట్యూబులైటు, గోడ గడియారంలో రెండున్నర. ఎందరి మంచాల దగ్గరో ప్రార్థించిన నాకు ఆ రాత్రి ఒక్క మాట రాలేదు. ప్రభువా అంటాను, తర్వాత ఏమనాలో తోచదు. అప్పుడు మా సంఘ పెద్ద ఒకాయన వచ్చారు. డెబ్బయి దాటిన మనిషి. చేతిలో మడతపెట్టిన దుప్పటి, చంకలో అట్ట ఊడిపోయిన బైబిలు. ఎలా ఉందని అడగలేదు. దుప్పటి నా భుజాల మీద కప్పి పక్క కుర్చీలో కూర్చున్నారు. గంటా, గంటన్నరా ఇద్దరం అలాగే ఉన్నాం. తర్వాత ఆయన బైబిలు తెరిచి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, పేజీని కంటికి దగ్గరగా పట్టుకుని 88వ కీర్తన చదివారు. నాకు ఆశ్చర్యమేసింది. ఆస్పత్రిలో ఎవరైనా 23 చదువుతారు, 91 చదువుతారు. 88లో ఎక్కడా వెలుగు రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని దాని చివరి మాట. చదివి, పుస్తకం మూసి, "అయ్యగారూ, ఇది కూడా ప్రార్థనే. మీకు మాట రాకపోతే ఇది మీ తరఫున ఎప్పుడో రాసి పెట్టి ఉంది" అన్నారు. అంతే. తెల్లవారేదాకా కూర్చుని వెళ్లిపోయారు. ఆ కీర్తన మొదటి మాట "యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా" అన్నది నేను తర్వాత గమనించాను. అంత చీకటిలోనూ అతను ఎవరిని పిలుస్తున్నాడో అతనికి తెలుసు.

పరిపక్వత అంటే ఏమిటని నన్ను అడిగితే ఆ పెద్దాయన చేతిలోని దుప్పటి గుర్తొస్తుంది. ఆయన బోధకుడు కాదు. వేదిక మీద ప్రార్థించమంటే నాలుగు మాటల్లో ముగించేవారు. కానీ ఏ వేళకు మాట్లాడాలో, ఏ వేళకు ఊరుకోవాలో ఆయనకు తెలుసు. హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం చివర పాలు తాగే శిశువులకూ బలమైన ఆహారం తినే వయస్సు వచ్చినవారికీ తేడా చెబుతూ, వయస్సు వచ్చినవారు అభ్యాసం చేత మేలు కీడులను వివేచించగలవారని అంటుంది. అభ్యాసం చేత! వరం చేత అనలేదు, ఉద్రేకం చేత అనలేదు. గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మ ఫలం అని ఏకవచనంలో మొదలుపెట్టి ప్రేమ, సంతోషం, సమాధానం అంటూ తొమ్మిది గుణాలు చెప్పాడు పౌలు. వాటిలో పరిచర్య ఎంత అన్న కొలత ఒక్కటీ లేదు. చెట్టు తన కాయ పండిందా లేదా అని గంటకోసారి చూసుకోదు. మీ ఎదుగుదలను మీరే కొలుచుకుంటూ కూర్చోవద్దు, ఆ పని ఎలాగూ మనవల్ల సరిగా కాదు.

మార్తను చూడండి. లూకా 10లో విస్తారమైన పనుల గురించి విచారపడి, చెల్లెల్ని పంపమని ప్రభువు మీదే చిరాకుపడింది. యోహాను 11లో తమ్ముడు లాజరు చనిపోయాడు, తాను కబురు పంపినా ప్రభువు ఆలస్యంగా వచ్చాడు. మీ పరిస్థితికి ఎంత దగ్గరగా ఉందో చూశారా! ఎదురెళ్లి "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. అందులో నిష్ఠూరం ఉంది. అదే నోటితో, తమ్ముడు ఇంకా సమాధిలో ఉండగానే, "నీవు లోకమునకు రావలసిన దేవుని కుమారుడవైన క్రీస్తువని నమ్ముచున్నాను" అంది. ఆ రెండు మాటలూ ఒక్క గుండెలో పట్టడమే ఎదుగుదల అని నాకు అనిపిస్తుంది. మీ ఉత్తరంలో మొదటి మాట గట్టిగా వినిపించింది. రెండోది కూడా ఉంది, చివరి పంక్తిలో "అయినా ఆయన్ని విడిచి ఎక్కడికి వెళ్లను" అని రాశారు. అది రాసిన మనిషిని ఎదగలేదని నేను అనలేను.

ఇక చేయవలసిన పనుల మాట. వైద్యుడి సంగతి పైన చెప్పాను. ఉపవాస ప్రార్థన కొన్నాళ్లు ఆపండి. నిద్రా తిండీ లేని శరీరానికి ఉపవాసం ఇప్పుడు వద్దు, ఆ శుక్రవారం పొద్దును పడుకోవడానికి వాడుకోండి. వారంలో ఒక రోజు, పూర్తి రోజు కుదరకపోతే ఒక పూట, సంఘం పనులతో సహా ఏ పనీ పెట్టుకోకుండా ఉండండి. మొదట్లో తప్పు చేస్తున్నట్టు గుబులుగా ఉంటుంది, రెండు మూడు వారాలకు తగ్గుతుంది. రోజూ బైబిలు అధ్యాయాలు లెక్కపెట్టి చదవడం మానేసి, ఒక కీర్తన తీసుకుని పైకి వినబడేలా చదవండి. 13, 42, 77, 130, ఇవి మొర పెట్టిన కీర్తనలు, వాటితో మొదలుపెట్టండి. అదే మీ ప్రార్థన, దానికి కలపడానికి సొంత మాట దొరకకపోతే బాధపడవద్దు. ఉచ్చరింప శక్యంగాని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపనం చేస్తాడని రోమా 8లో ఉంది. ప్రభురాత్రి భోజనానికి మాత్రం తప్పకుండా వెళ్లండి. అక్కడ మీరు ఇవ్వవలసింది ఏమీ ఉండదు, చేయి చాపి తీసుకోవడమే.

ఒక మనిషిని ఎంచుకోండి. గలతీ 6లో "ఒకని భారముల నొకడు భరించి" అని రెండో వచనంలోనూ, "ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను" అని అయిదో వచనంలోనూ ఉంటే కొందరు తికమకపడతారు. గ్రీకు మూలంలో రెండూ వేరు వేరు పదాలు, మన అనువాదకులు కూడా భారం, బరువు అని రెండుగా ఉంచారు. ఎవరి మూట వారు మోసుకోవాలి, నలిపేసే భారాన్ని మాత్రం పంచుకోవాలి. తండ్రి మరణం మూట కాదు, భారం. మీ సంఘంలో తక్కువ మాట్లాడే, ఎక్కువ వినే ఒక సహోదరి ఉండే ఉంటారు. సలహా కోసం కాదు, పక్కన కూర్చోవడానికి రమ్మనండి.

సండేస్కూల్ సంగతి చివరికి పెట్టాను, మీరు దాన్ని అన్నిటికంటే ఎక్కువగా తలచుకుని బాధపడుతున్నారు కాబట్టి. వేషధారణ అంటే లేనిది ఉన్నట్టు చూపించడం. ఎండిపోయిన మనసుతో నిజమైన మాట చెప్పడం వేషధారణ కాదు. అయినా ఒక మూడు నెలలు సెలవు అడగండి. మీ కాపరికి కారణం దాచకుండా చెప్పండి, అలసిపోయాను, విశ్రాంతి కావాలి అని. ఆ తరగతిని ఆ మూడు నెలలూ ఇంకొకరు చూసుకుంటారు, దేవుడు ఆ పిల్లల్ని మీకంటే ముందు నుంచీ ఎరుగును. క్వయర్‌లో పాడలేకపోతే కింద వరుసలో కూర్చోండి, మిగతావారు పాడుతుంటే వినండి, ఆ వారానికి వారి విశ్వాసం మీద ఆనుకోండి. తిరిగి తరగతికి వెళ్లిన మొదటి ఆదివారం ఏ పాఠం చెప్పాలో తోచకపోతే ఏలీయా పాఠమే చెప్పండి. ఈసారి అగ్ని దగ్గర కాకుండా చెట్టు దగ్గర మొదలుపెట్టి, దూత ఆయన్ని రెండోసారి కూడా పడుకోనిచ్చాడని పిల్లలకు చెప్పండి.